పిన్ని పెరటి మట్టి

మొన్న తాడేపల్లిలో మా బాల్కనీ కుండీల కోసం సంచీడు మట్టి కొన్నాను. రైతు ఇంట పుట్టి, మట్టి కొనుక్కునే స్థాయికి ఎదిగినందుకు నర్సరీ కుర్రాడు నన్ను అభినందించలేదు గానీ, సంచీ విప్పగానే వచ్చిన వాసనకి పర్చూరు దగ్గర మా బాబాయి మిరపచేను గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వేసవి మొదట్లో భూసారం చూసే ఆఫీసరుగారు ఊరికొచ్చి, ఎవరి చేలో మట్టి వాళ్లని తెచ్చివ్వమన్నారు. పరువుగల బాబాయి చేలోది ఎలా ఇస్తాడు? ఏళ్ల తరబడి యూరియా బస్తాలు పోసి, పత్తికట్టె తగలబెట్టగా ఆ నల్లరేగడి ఇటుకలా బిగిసిపోయింది. అందుకని పెరట్లో పిన్ని బీరపాదు కింద తవ్వి, పిడికిట్లో పొడిపొడిగా రాలే మట్టిని సంచీలో పోసిచ్చాడు. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నేను సంచీ పట్టుకున్నాను. నా చదువు మట్టిపాలైందని నాన్న అనే మాట అక్షరాలా నిజమైంది ఆ రోజే.

నెల తిరిగాక ఆఫీసరుగారు పాలకేంద్రం దగ్గర అందరి ముందూ బాబాయిని మెచ్చుకున్నారు. అంత సారమున్న చేనుకి ఈ ఏడు ఎరువు బస్తా అక్కర్లేదట, వచ్చే ఏడు వేసవిలో తానే తవ్వి ఊరికి చూపిస్తారట. బాబాయి ఇరుకున పడ్డాడు. బస్తా మోసుకెళితే ఊరు చూస్తుంది, మోయకపోతే మిరప పాలిపోతుంది.

పాదు దగ్గర గుంట చూసిన పిన్నికి సంగతి అప్పటికే అర్థమైంది. "పెళ్లిచూపుల్లో ఒక పిల్లని చూపించి ఇంకో పిల్లని కట్టబెట్టినట్టుందండీ మీ పని. ఇహ ఆ పిల్లకి తిండి పెట్టి ఒళ్లు చేయించండి," అంది.

మిగిలిన ఆ వేసవంతా బాబాయి పెంటికల ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించాడు. రాత్రిళ్లు గొర్రెలు చేలో పడుకునేవి, పగళ్లు ఊరి జనం బాబాయిని మేసేవారు. "ఏరా, ఈ ఏడు నారు బదులు గొర్రెల్ని నాటతన్నావా?" అన్నాడు ఎదురింటాయన. తొలకరికి జనుము చల్లి, ఎదిగాక పచ్చిరొట్ట ఎరువుగా మట్టిలో కలియదున్నాడు. మిరప గుబురుగా రాలేదు, అలాగని చేతులెత్తేయనూ లేదు.

మరుసటి వేసవిలో ఊరంతా గట్టు మీద నిలబడగా ఆఫీసరుగారు గడ్డపార వేశారు. దిగింది. లేచిన పెళ్లని చేత్తో నలిపితే, కాస్త మొరాయించి నలిగింది. ఆయన బాబాయి వంక చూసి, "నిరుడిచ్చింది ఈ మట్టి కాదు కదండీ?" అన్నారు.

"కాదండి. అది మా ఆవిడ కాపురానికొచ్చిన కాణ్ణించీ పేడా, కడుగునీళ్లూ పోసి చేసుకున్న మట్టండి. నేను నిరుడే మొదలెట్టా."

ఆ సాయంత్రం పిన్ని పాదుకి కడుగునీళ్ల బకెట్టు బాబాయి మోశాడు.

నేను కొన్న సంచీ మీద తయారైన తేదీ వేశారు. పిన్ని మట్టికైతే తేదీ చాలదు, ఒక కాపురమంతా రాయాలి.