మూడు గంటలకి మూసిన పెట్టె

మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకి మా అక్క టెండరు పెట్టె కన్నానికి లక్క వేసి, తాళం బిగించి, తాళంచెవి అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టింది. నేను అదే గదిలో టైపు కొడుతున్నాను. అది పెద్ద పనేమీ కాదు. నోటీసులో మూడు గంటలని ఉంది, గోడ గడియారం మూడు కొట్టింది, అక్క పెట్టె మూసింది. ఆ తరువాత ఆ ఆఫీసులో ఆవిడని ఎవరూ ప్రశాంతంగా పని చేసుకోనివ్వలేదు.

ఏలూరులో అదొక జిల్లా ఆఫీసు. రాజధాని కర్నూలులో ఉన్న రోజులు. వరదలొస్తే లంక గ్రామాలకి కావలసిన గోనె సంచులు, తాళ్ళు, వెదుళ్ళు, లాంతర్లు, పడవలు, అన్నీ మా సెక్షనే కొనాలి, లేదా అద్దెకి తీసుకోవాలి. అక్క యుద్ధం రోజుల్లో, మగవాళ్ళు చాలక ఆడవాళ్ళని తీసుకున్నప్పుడు, రేషను ఆఫీసులో గుమాస్తాగా చేరింది. ఏ సరుకు ఎందుకు కొనాలో పైవాళ్ళకి ప్రపోజలు రాయడంలో ఆవిడకి సాటి లేరని ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు. సూపరింటెండెంటు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఆవిడని తాత్కాలికంగా కూర్చోబెట్టారు. ఖాయం చెయ్యడం ఆఫీసరు చేతిలో ఉంది. కుర్చీ అక్కకి దక్కుతుందా, తన వంతని కాచుకుని ఉన్న హెడ్డు గుమాస్తాకి పోతుందా అన్నదే ఆ ఏడాదంతా మా ఆఫీసులో నడిచిన మాట.

అంతకుముందు పెట్టె మూసే బాధ్యత హెడ్డు గుమాస్తాది. ఆయన గడియారం వైపు చూసేవాడు కాదు, కిటికీలోంచి వీధి వైపు చూసేవాడు. తాడేపల్లిగూడెం నుంచి ఒక పెద్ద కాంట్రాక్టరు పాసింజరు బండిలో రావాలి. ఆయన జట్కా కనబడితే అప్పుడు మూడు అయినట్టు. బండి రోజూ ఆలస్యమేనని చెప్పేవాడు గనక ఎవరికీ అనుమానం రాలేదు. అక్క కొన్నాళ్ళు ఊరికే చూసింది. ఆ కాంట్రాక్టరు నిజానికి ముందు బండికే దిగి, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చునేవాడు. అక్కణ్ణించి మా వరండా బెంచీ కనబడుతుంది. బెంచీ మీద ఎవరెవరు కూర్చున్నారో చూసుకుని, వాళ్ళ స్తోమతని బట్టి అప్పుడు తన రేటు వేసుకుని, కవరు అంటించి లోపలికొచ్చేవాడు. చిన్న వ్యాపారులు వేళకి వచ్చేవాళ్ళు. వేళకి రావడమే వాళ్ళు చేసిన తప్పు.

ఆ రోజు ఆయన వచ్చేసరికి లక్క చల్లారిపోయింది.

"ఏవండీ, బండి భీమడోలులో ఆపేశారండీ. గూడ్సుకి దారివ్వాలన్నారు," అన్నాడు నవ్వుతూ.

"పెట్టె మూసేశామండీ," అంది అక్క.

"మీరు కొత్త కదండీ. ఇక్కడ పద్ధతి హెడ్డు గుమాస్తా గారిని అడగండి, చెబుతారు."

"పద్ధతి నోటీసులో ఉందండీ."

ఆయన బెంచీ వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్ళు ఆలస్యంగా వచ్చినవాడికి కూడా ఒక విస్తరి ఉంచుతారండీ."

"ఇక్కడ వంట చెయ్యడం లేదండీ," అంది అక్క. గుమాస్తా కుర్రవాడి చేత పెట్టె తెరిపించింది.

పెట్టె తెరిచాక ఆవిడ చేసే పని ఇంకొకటుంది. ప్రతి కవరూ నిలబడి, పైకి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేది. అంతకుముందు హెడ్డు గుమాస్తా రేటు ఒక్కటే చదివేవాడు. అడుగున ఉండే షరతుల జోలికి పోయేవాడు కాదు. రేటు తక్కువగా ఉండి, ఆ తక్కువంతా షరతుల్లో తిరిగి రాబట్టుకునే టెండర్లు అలా ఎన్నో నెగ్గాయి. అక్క షరతులు కూడా వదలకుండా చదివేది. గొంతు పెద్దది కాదు. వరండా చివర నిలబడ్డవాళ్ళకి వినబడకపోతే మళ్ళీ మొదటి నుంచీ చదివేది.

గోనె సంచుల కాంట్రాక్టు ఆ రోజు ఏలూరు చిన్న వ్యాపారికి పోయింది. మర్నాటి నుంచి ఆఫీసులో అక్క పేరు 'గడియారం'. "గడియారం గారు వచ్చారా?" అని హెడ్డు గుమాస్తా అడిగేవాడు, ఆవిడ లోపల ఉందని తెలిసే. ఆవిడ అడిగిన ఫైలు ఆవిడకి తప్ప అందరికీ దొరికేది. మంచినీళ్ళ కుండ ఆవిడ బల్ల దగ్గర్నించి వరండాలోకి పోయింది. ఆకాశరామన్న ఉత్తరాలు మొదలయ్యాయి. మాది కొల్లేటి గట్టున వరి పండించుకునే కుటుంబం. సూపరింటెండెంటమ్మ కొల్లేటి మనిషి, తన వాళ్ళకే కాంట్రాక్టులిస్తుంది అని వాటి సారాంశం. ఆఫీసరు అక్కని పిలిచి ఉత్తరాలు ముందు పెట్టాడు.

"నేను నమ్మననుకోండి. కానీ ఖాయం చెయ్యాలంటే ఇలాంటివి లేకుండా ఉంటే బాగుంటుందండీ," అన్నాడు. నమ్మని ఉత్తరాలు దాచిపెట్టుకోవడం ఎందుకో ఆవిడ అడగలేదు.

వానాకాలం ముందు పడవల టెండరు వచ్చింది. వరద రోజుల్లో లంకలకి బియ్యం, కిరసనాయిలు చేరవేసే పని. కొల్లేటి జాలరులు అప్పుడే ఒక సొసైటీ పెట్టుకున్నారు. పడవలు వాళ్ళవి, నీళ్ళు వాళ్ళకి తెలుసు. అయినా ఏటా కాంట్రాక్టు తాడేపల్లిగూడెం ఆయనదే. ఆయన వాళ్ళ పడవలే వాళ్ళ దగ్గర చవగ్గా తీసుకుని ప్రభుత్వానికి అద్దెకిచ్చేవాడు. ఆ ఏడు వాళ్ళే నేరుగా టెండరు వేస్తారని, వాళ్ళ రేటు ముందు ఎవరూ నిలవలేరని అందరికీ తెలుసు. గూడెం ఆయనకీ తెలుసు.

ఆయన ఈసారి రెండున్నరకే వచ్చాడు. తనతో పాటు బావమరిదిని కూడా తెచ్చి, చెరో కవరు వేసి, బెంచీ మీద కూర్చున్నాడు. మూడు కొట్టింది. సొసైటీ వాళ్ళు రాలేదు. నేను టైపు ఆపేసి అక్క చేతుల వైపు చూస్తున్నాను. లక్క వేసింది.

కాసేపటికి వాళ్ళు వచ్చారు. సొసైటీ పెద్దాయన, ఇంకో ఇద్దరు, మోకాళ్ళ దాకా బురద. చిన్నప్పుడు మమ్మల్ని దోనె మీద అవతలి గట్టుకి దాటించినాయన ఆయనే. కవరు తడవకుండా తలపాగాలో పెట్టుకున్నాడు.

"అమ్మాయిగారూ, పడమటిగాలి ఎదురొచ్చిందండి. గుర్రపుడెక్కంతా మా మీదకే తోసేసింది. గెడేస్తే దోనె కదల్లేదండి. బస్సెల్లిపోయింది. గట్టు కాణ్ణించీ నడిచే వచ్చామండి."

గూడెం ఆయన బెంచీ మీంచి లేచాడు.

"తీసుకోండమ్మా, పాపం. నాకేం అభ్యంతరం లేదండీ. మీ వాళ్ళు కదా, కాస్త ఆలస్యం ఆలస్యం కాదులెండి."

హెడ్డు గుమాస్తా తల ఎత్తాడు. గదిలో అందరూ ఆవిడ ఏమంటుందా అని చూస్తున్నారు. తీసుకుంటే ఆకాశరామన్న రాసినదంతా నిజమైపోతుంది. తీసుకోకపోతే ఆ ముసలాయన వెనక్కి పోవాలి.

"బాబాయ్, పెట్టె మూసేశాను," అంది అక్క.

అంతవరకూ ఆఫీసులో ఆవిడ ఎవరినీ వరస పెట్టి పిలవగా నేను వినలేదు. ఆ పిలుపు గూడెం ఆయన కూడా విన్నాడు. తరువాత ఆ ఒక్క మాట ఆయనకి పనికొచ్చింది.

ముసలాయన కవరు తిరిగి తలపాగాలో పెట్టుకున్నాడు. వెళ్ళలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అక్క రెండు కవర్లూ తెరిపించి చదవడం మొదలుపెట్టింది. రేటు చదివింది. షరతులు చదివింది. గూడెం ఆయన మూడో షరతు ఇది: గాలి ఎక్కువగా ఉన్న రోజున పడవ కదపనక్కర్లేదు, అద్దె మాత్రం ఇవ్వాలి. అది చదివి ఆగి, ఆ షరతొక్కటే మళ్ళీ చదివింది.

"అయ్యబాబోయ్," అన్నాడు గుమ్మం దగ్గర ముసలాయన, నెమ్మదిగానే. "ఆయన గాలికి అద్దొత్తదంటండి. మా గాలికి పెట్టె మూసేత్తారంటండి."

వరండాలో ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. గూడెం ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను అక్కతో పోట్లాడాను.

"వాళ్ళు ఎందుకు ఆలస్యమయ్యారో నీకు తెలుసు. ఆయన ఎందుకు ఆలస్యమయ్యేవాడో కూడా తెలుసు. రెండూ ఒకటేనా?"

"ఒకటి కాదు."

"మరి?"

"ఆయనకి మూసి వీళ్ళకి తెరిస్తే, రేపటి నుంచి ఎవరికి తెరవాలన్నది హెడ్డు గుమాస్తా చూసుకుంటాడే. మళ్ళీ కిటికీలోంచి."

"కుర్చీ కోసమని అనుకుంటారు జనం."

"అనుకోనీ. కుర్చీ కావాలని నాకూ ఉంది," అంది. చారు చల్లారిపోతోంది, తినమంది.

ఆవిడ చెప్పింది తప్పని నేను నిరూపించలేను. కానీ ఆవిడ మీద ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. ఉంటుంది.

మర్నాడు అక్క ప్రపోజలు రాసింది. వచ్చిన టెండర్లు రెండూ ఒకే ఇంటివి, అందుకని మళ్ళీ పిలవాలి. అలా వీలుకాకపోతే గాలి షరతు కొట్టెయ్యాలి. టైపు చేసింది నేనే. ఆఫీసరు చదివి, "వానలు మన టెండరు కోసం ఆగుతాయా అండీ?" అన్నాడు. మళ్ళీ పిలవడానికి ఒప్పుకోలేదు. గాలి షరతు మాత్రం కొట్టెయ్యక తప్పలేదు. వరండాలో పుట్టిన నవ్వు అప్పటికే బజారుకి ఎక్కింది. ఊరంతా తెలిసిన షరతు మీద ఎవరు సంతకం పెడతారు? ఆ వానాకాలం గూడెం ఆయన పడవలు గాలిలో కూడా నడిచాయి. నడిపింది సొసైటీ వాళ్ళే, కూలికి.

నెల తిరక్కుండా కుర్చీ హెడ్డు గుమాస్తాకి ఖాయమైంది. అక్క టెండరు గదిలో ఒక కాంట్రాక్టు మనిషిని 'బాబాయ్' అని పిలిచిందన్నది ఒక కారణం. ఆ కాంట్రాక్టు మనిషికి ఆవిడ పెట్టె తెరవలేదన్న సంగతి ఎక్కడా రాలేదు. ఆవిడని తాడేపల్లిగూడెంలో ఒక గోడౌను ఆఫీసుకి పంపారు, ఆ కాంట్రాక్టరు ఉన్న ఊరికే. అక్కడ ఇల్లు అద్దెకి దొరకడానికి చాలా రోజులు పట్టింది. ఇస్తామన్నవాళ్ళు మర్నాటికి, "మా చుట్టాలొస్తున్నారండీ," అనేవారు. కొన్నాళ్ళు ఏలూరు నుంచి అదే పాసింజరులో వెళ్ళి వచ్చింది. బండి చాలాసార్లు వేళకే నడిచేదని నాకు చెప్పింది. ఆ గోడౌనులో కొనేవి తక్కువే. ఉన్నంతలో అక్కడ కూడా మూడింటికే పెట్టె మూసి, గుమాస్తాలని చుట్టూ నిలబెట్టి, కవర్లు పైకి చదివేది. చదవడం వాళ్ళకీ నేర్పింది. సూపరింటెండెంటు ఆవిడ చివరికి అయింది, ఆ సంతోషం పంచుకునే వయసు దాటాక.

అక్క పోయిన తరువాత పాత ఆఫీసు వాళ్ళు సంతాపసభ పెట్టారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒకప్పటి హెడ్డు గుమాస్తా కర్ర పట్టుకుని లేచి, "వేళ అంటే ఏమిటో మాకు నేర్పిన మహాతల్లి," అన్నాడు. చేతిరుమాలు కూడా తీశాడు. కొల్లేటి నుంచి ఎవరూ రాలేదు. రానందుకు నేను వాళ్ళని గౌరవించాను. సభ అయ్యాక ఒకాయన నా దగ్గరికొచ్చి, "మీ అక్కగారు పెట్టిన పద్ధతి ఇప్పటికీ పోలేదండీ, మూడయితే పెట్టె మూసేస్తాం," అన్నాడు.

"చదువుతారా అండీ?" అని అడిగాను.

ఆయనకి అర్థం కాలేదు. "చదవడమేమిటండీ?" అన్నాడు.

కుర్చీ ఎక్కిన మొదటి నెలలోనే హెడ్డు గుమాస్తా గడియారాన్ని ఉంచి చదవడాన్ని తీసేశాడు. మూడింటికి పెట్టె మూస్తే గూడెం ఆయనకి నష్టం లేదు. రెండున్నరకి రావడం ఆయన నేర్చుకున్నాడు. ఇప్పటికీ మూడింటికే మూస్తారు. కవర్లు లోపలి గదిలో తెరుస్తారు. షరతులు ఎవరూ పైకి చదవరు.