బాబాయ్ అడ్డుపడిన క్వెరీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఒక ధీమా ఉంటుంది, మనకి తెలియనిది ఇంకా ఎవరూ కనిపెట్టలేదని. నాకూ ఉండేది. విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో, కింద చీరల కొట్టు, పైన మా ఆఫీసు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అని బోర్డు ఉన్నా, మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది జాకెట్టు ముక్కల కోసం వచ్చేవాళ్లే. మా సార్‌కి నేను పెట్టుకున్న పేరు ‘అయిపోయిందండీ సార్’. ఇంకా మొదలుపెట్టని పనిని కూడా ఆయన ఫోనులో “అయిపోయిందండీ” అనే చెప్పేవారు.

అలా ఆయన అయిపోయిందని చెప్పిన పనుల్లో ఒకటి, గన్నవరంలో పెళ్లి సంబంధాలు చూసే ఒక పెద్దావిడది. అందరూ ఆవిడని ‘సంబంధాల పిన్ని’ అనేవారు. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు కొడితే ఇద్దరికీ వరస కలుస్తుందో, అన్నాచెల్లెళ్లు అవుతారో కంప్యూటరు చెప్పాలి. దానికి గ్రాఫ్ డేటాబేస్ వాడాం. (కంగారు పడకండి, ముగ్గు లాంటిదే. మనుషులు చుక్కలు, బంధుత్వాలు గీతలు. ఈ చుక్క నుంచి ఆ చుక్కకి ఏ గీతల మీదుగా వెళ్లొచ్చని అడగడమే క్వెరీ.) నా ఉద్యోగం పర్మనెంట్ అవడం ఈ పని మీదే ఆధారపడి ఉంది. అవ్వకపోతే ఉయ్యూరు వచ్చెయ్యి, సంబంధాలు చూద్దాం అని మా అమ్మ ముందే చెప్పేసింది. అంటే నా పెళ్లి వాయిదా పడాలంటే ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు నేను కుదర్చాలన్నమాట.

క్వెరీ నొక్కితే జవాబు రాకుండా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. కాఫీ తాగి వచ్చినా తిరుగుతూనే ఉండేది. “మెమరీ పెంచమ్మా” అన్నారు సార్. పెంచాం. ఇంకా హాయిగా తిరిగింది. పుస్తకం వెనక పట్టికలా పేర్లకి ఇండెక్స్ పెట్టాను. దాంతో మొదటి మనిషి చిటికెలో దొరికాడు గానీ, అక్కడి నుంచి మళ్లీ తిరనాళ్లలో తప్పిపోయినట్టే. చివరికి పిన్ని వస్తానన్న రోజు పొద్దున, ఎంత దూరపు చుట్టరికమైనా వెతుకు అని రాసినచోట, ఇంతకు మించి వెళ్లకు అని హద్దు పెట్టాను. జవాబు వచ్చేసింది. నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ జవాబు ఏమిటో చదవాలని మాత్రం తోచలేదు.

పిన్ని వచ్చి, ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చుంది. “ఏదీ, పెనమలూరు అబ్బాయికీ మా పటమట అమ్మాయికీ చూడమ్మా.” నొక్కాను. అన్నాచెల్లెళ్ల వరస అని వచ్చింది. “అయ్యో, జాతకాలు కూడా కలిశాయే. పోనీ ఇబ్రహీంపట్నం అబ్బాయికి చూడు.” అన్నాచెల్లెళ్లే. కంకిపాడు అబ్బాయికి చూశాం. అతనూ అన్నయ్యే అయ్యాడు. పిన్ని కాఫీ గ్లాసు కింద పెట్టింది. “అయితే ఇక మన జిల్లాలో పెళ్లిళ్లు జరగవంటావా అమ్మా?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. సార్ మాత్రం “అయిపోయిందండీ, చిన్న టచప్ అంతే” అన్నారు. “భోజనం చేసొస్తాను, ఈలోపు వీళ్ల చుట్టరికాలు విడగొట్టు” అని పిన్ని లేచింది.

క్వెరీ ఏ దారిన వెళ్తోంది, ఎక్కడ ఎంతసేపు తిరుగుతోంది చూపించమని అప్పుడు అడిగాను. (ఈ బుద్ధి మొదటిరోజే పుట్టి ఉండాల్సింది.) ఎవరి పేరు కొట్టినా దారి మధ్యలో ఒకే చుక్క. ఆ చుక్క పేరు చూసి నోరు తెరిచాను. మా సందు మొదట్లో టిఫిన్ సెంటరు నడిపే బాబాయ్. రోజూ పొద్దున నేను ఇడ్లీ తినేది ఆయన దగ్గరే. జరిగిందేమిటంటే, వివరాలు రాసుకునేటప్పుడు మా ఆఫీసువాళ్లు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, “మీ గురించి ఎంక్వైరీ చెయ్యాలంటే ఎవర్ని అడగాలండీ? ఆయన మీకేమవుతారు?” అని అడిగారు. పనుల మీద బెజవాడ వచ్చి ఆయన దగ్గర తిన్నవాళ్లంతా ఆయన పేరే చెప్పి, “బాబాయ్ అండీ” అన్నారు. మేము ఆ మాట నమ్మి, ఆయన్ని అందరికీ నాన్న తమ్ముణ్ని చేసేశాం. ఆయన దాకా వెళ్లిన ప్రతి వెతుకులాటా, బస్టాండులో దిగినట్టు, అన్ని ఊళ్ల దారులూ పట్టేది. చక్రం తిరగక ఏం చేస్తుంది?

పిలుపు వరసలన్నిటికీ ‘ఎంక్వైరీ’ అని వేరే గీత పెట్టాను. పుట్టుక, పెళ్లి గీతల మీదే నడవమన్నాను. అబ్బాయి వైపు నుంచీ అమ్మాయి వైపు నుంచీ ఒకేసారి బయల్దేరి మధ్యలో కలుసుకోమన్నాను. పిన్ని తిరిగొచ్చి కూర్చునేలోపే పటమట అమ్మాయికీ పెనమలూరు అబ్బాయికీ వరస కలిసింది. ఇంతసేపూ అడ్డుపడింది టిఫిన్ సెంటరు బాబాయ్ అని ఆవిడకి చెప్పాను.

“ఇప్పుడు బాగుంది. ఆయన్ని తీసెయ్యలేదు కదా? ఆయన్ని అడక్కుండా నేను ఏ సంబంధమూ కదపను” అంది పిన్ని.

“లేదండీ, పక్కన కూర్చోబెట్టానంతే.”

“నీ ఉద్యోగానికి ఢోకా లేదని మీ సార్‌తో చెప్తాలే. అదే చేత్తో ఇంకో అమ్మాయికి చూడు, ఉయ్యూరు పిల్ల” అని ఇంటిపేరు, పేరు చెప్పింది. టైప్ చేస్తూ సగంలో ఆగిపోయాను. అది నేనే. మా అమ్మ ముందే నమోదు చేయించింది. ఎంక్వైరీకి ఎవర్ని అడగాలన్నచోట బాబాయ్ పేరే ఉంది. పిన్ని చెప్పిన అబ్బాయిల పేర్లు ఒక్కొక్కటే కొడుతుంటే, వరస కలిసినవాళ్లు రెప్పపాటులో బారులు తీరారు. అంత వేగం తెచ్చింది కూడా నేనే కాబట్టి తిట్టుకోవాలంటే నన్నే తిట్టుకోవాలి.

మర్నాడు ఇడ్లీ ప్లేటు అందిస్తూ బాబాయ్, “నీ గురించి అడిగారమ్మా” అన్నారు. “ఏం చెప్పారు?” అన్నాను. “పిల్ల బంగారం, కాకపోతే ఫోను చూస్తూ ఇడ్లీ చల్లార్చుకుంటుంది అన్నాను. ఉన్నమాటే కదా.”

ఆ ఉన్నమాటకే మా అత్తగారు ముచ్చటపడ్డారట. మా పెళ్లిలో బాబాయ్ పొద్దుటి నుంచీ వంటల దగ్గరే నిలబడి సాంబారు రుచి చూస్తూ, తాళి కట్టే వేళకి తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. “ఆ పెద్దాయన నీకేమవుతారమ్మా?” అని మా ఆడపడుచు చెవిలో అడిగింది. పిలుపు వరసల్నీ అసలు వరసల్నీ ఆఫీసులో అంత కష్టపడి విడగొట్టిన ఆ ఉయ్యూరు పిల్ల, ఏమాత్రం ఆలోచించకుండా “మా బాబాయ్ అండీ” అంది.