ఎడమ గుర్రం దొరకలేదు

తుపాకుల సాయిబు పోయాడని పోయిన నెల పాలామె చెప్పింది. నేను నమ్మలేదు. ముందు రోజే బస్టాండు వెనక, ఆయన తుపాకులు బాగుచేసే కొట్లో కూర్చుని బాగా తిట్టి వచ్చాను. అన్ని తిట్లు పడిన మనిషి తెల్లారేసరికి ఎలా పోతాడు?

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆయన నా తుపాకీని విప్పి పాడుచేసి పోయాడని తిరువూరులో అంటున్నారు. అది అబద్ధం. నా మాట కూడా వినండి.

ఆ రెండు గొట్టాల తుపాకీ మా మామగారిది. తర్వాత మా ఆయనది. ఆయన పోయాక లైసెన్సు నా పేరున అయింది. రెడ్డిగూడెం దారిలో ఉన్న మా మామిడితోటకి అడవిపందులొస్తే, గాల్లోకి ఒకసారి పేలిస్తే చాలు, కొన్నాళ్ళు ఆ ఛాయలకు వచ్చేవి కావు. తూటాను కొట్టే కొక్కెం లాంటి ఇనప ముక్కని గుర్రం అంటారు, గొట్టానికొకటి. మా దానికి ఎడమ గుర్రం విరిగింది. గడువులోపల తుపాకీ బాగుందని చూపిస్తేనే లైసెన్సు మళ్ళీ ఇస్తామన్నారు. లేకపోతే స్టేషన్లో అప్పగించాలి.

తుపాకీ సాయిబు చేతిలో పెట్టి, "వెల్డింగు పెట్టించెయ్యవయ్యా" అన్నాను.

"అతుకు ఊడితే ముక్క నీ కంట్లోకే వస్తుందక్కా. ఇప్పటికే ఆ కళ్ళతో నన్ను కాల్చేస్తున్నావు" అన్నాడు.

అలాంటి ముక్కలు ఇప్పుడెవరూ చెయ్యరు. అదే రకం పాత తుపాకీ ఇంకొకటి దొరకాలి. బతికున్నవాడు తన తుపాకీని విప్పనివ్వడు. అందుకని సాయిబు, లైసెన్సున్న మనిషి పోయిన ఇళ్ళకి వెళ్ళేవాడు. పెద్దకర్మ అయ్యేదాకా ఆగేవాడు. గంపలగూడెంలో ఒక ఇంటికి వెళ్ళి, వాళ్ళిచ్చిన టీ తాగి, పోయినాయన కబుర్లన్నీ విని, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"అడగడానికి వెళ్ళి అడక్కుండా రావడమేంటయ్యా?"

"ఆవిడ ఏడుస్తోంది. ఇనుము ఎక్కడికి పోతుందక్కా" అన్నాడు.

చివరికి ఎ.కొండూరులో అచ్చం మాలాంటిదే దొరికింది. చావు జరిగిన ఇంట్లో పోయినవాడి తుపాకీని భుజానికెత్తకూడదని ఆయన పట్టింపు. మంచం మీద ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి, గొట్టాల మూతి తనవైపు ఉండగా ముక్క విప్పుకొచ్చాడు. నా ఎదుట బిగించబోయి ఆగిపోయాడు. ఎదురుగా కూర్చుని ఎడమ అనుకున్నది కుడిది.

"జన్మంతా తుపాకుల మధ్య బతికావు, కుడీ ఎడమా తెలియలేదా?" అన్నాను.

ఆయన చేతిలో ముక్కని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నిజమే అక్కా" అన్నాడు, అంతే. మర్నాడు పరుగున వెళితే, ఆ ఇంటివాళ్ళు మిగతా తుపాకీని స్టేషన్లో అప్పగించేశారు. మా దానికి జతది అలా చేజారిపోయింది.

అయినా వెతకడం మానలేదు. జ్వరంతో కూడా బస్సెక్కాడు. "గడువులోపల తెస్తా" అనేవాడు. ఆ మాట పట్టుకుని నేను రోజూ వెళ్ళి తిట్టేదాన్ని. నన్ను కన్నవాళ్ళు, నేను కన్నవాళ్ళు కూడా నా పని మీద అంత తిరగలేదు.

పోయాడని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. తుపాకీ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన భార్యే దుప్పట్లో చుట్టిన మూట తెచ్చింది. "మీదేనక్కా. తలగడ పక్కనే పెట్టుకునేవారు" అంది. ఇద్దరం ఆ మూటకి అటొకరం ఇటొకరం కూర్చున్నాం.

తుపాకీని విజయవాడ తీసుకెళ్ళి చూపించాను. "దీనికి సామాను ఎక్కడ వస్తుంది మామ్మా, అందానికి గోడకి తగిలించుకో" అన్నాడు అక్కడి కొట్టతను. తోటలో పందులు మామిడి అంట్ల మొదళ్ళు తవ్విపోస్తున్నాయి. ఆ ముక్క కోసం బస్సెక్కే మనిషి ఇక లేడు.

నిన్న గడువు అయిపోయింది. నేనే మోసుకెళ్ళి స్టేషన్లో ఇచ్చేశాను. కానిస్టేబులు దానికి చీటీ కట్టి మూల గోడకి ఆనించాడు. నున్నటి బండల మీద జారిపోతుంటే పాత పేపరు మడిచి కింద దోపాడు. నేను గుమ్మం దాటుతూ చూశాను. ఇంకా కొంచెం కొంచెంగా జారుతూనే ఉంది.