మా అమ్మ విడదీసి పలికిన ఆపరేషన్ పేరు

మా చిన్నతనంల, నిజాం జమానాల... ఒక పొద్దుగాల మా తమ్మునికి ఊపిరాడక డొక్కలు లోపలికి గుంజుకపోతున్నయ్. మూడేండ్ల పిల్లగాడు.

నాయన ధాన్యం బేరానికి ఏటూరునాగారం దిక్కు బండి కట్టుకొని పోయిండు. కబురు పంపినా ఎప్పటికి రావాలె? అమ్మ వాణ్ని కొంగుల చుట్టుకొని, నన్ను ఎంటేసుకొని, వరంగల్ నుంచి జట్కాల హనుమకొండ దవాఖానకు ఉరికింది.

డాక్టరమ్మ వాని నోరు తెరిచి చూసింది. "గొంతుల పొర కమ్మింది. ట్రేకియాటమీ చెయ్యాలె... ఇప్పుడే."

అమ్మకు ఒక్క ముక్క సమజ్ కాలే. పక్కనున్న ఆయాను అడిగింది.

"గొంతు కోసి తీసేస్తరమ్మా" అన్నదామె.

అంతే... అమ్మ తమ్మున్ని ఎదకు అదుముకొని గోడ మూలకు జరిగింది. "గొంతు తీసేస్తే నా కొడుకు మాట్లాడతడా? నేనియ్య... నేనియ్య!"

వాని పెదవులు నేరేడుపండు లెక్క అవుతున్నయ్.

డాక్టరమ్మ కోపం చెయ్యలే. అమ్మ ముందట నేల మీదనే కూసున్నది. "నాతోని పలుకు తల్లీ. ట్రేకియా... అంటే గాలి గొట్టం. టమీ... అంటే కోత, గంతే. తీసేసుడైతే ఎక్టమీ అంటం. ఈ మాటల అది లేదు. చిన్న బెజ్జం పెడత... తర్వాత పూడుకపోతది."

అమ్మ ఒక్కొక్క ముక్క విడదీసి పలికింది. "ట్రే... కి... యా... ట... మీ. తీసేసుడు లేదు కద?"

"లేదు తల్లీ."

అమ్మ చేతులు ఇడిసింది.

తలుపు మూసిండ్రు. ఎంతసేపైనా లోపల ఏడుపు లేదు... కొడుకు ఇగ దక్కడనుకొని అమ్మ అక్కడనే కూలవడ్డది.

లోపలికి పిలిస్తె చూసినం. మెడల గొట్టం. తమ్ముడు కండ్ల నీళ్లు కార్చుకుంట ఏడుస్తాండు... చప్పుడే లేదు. గొట్టం ఉన్నన్ని దినాలు గొంతు రాదట. అమ్మ వాని పక్కనే కూసొని "టమీ... ఎక్టమీ కాదు" అని గొణుక్కునేది. అన్నం ముట్టలే.

గొట్టం తీసి, బెజ్జం పూడినంక, బొంగురు గొంతుతోని వాడు "అమ్మా, నీళ్లు" అన్నడు. అమ్మ నీళ్లు తేవుడు మరిచి బోరున ఏడ్చింది.

ఇప్పుడు పిల్లలకు టీకా సూదులున్నయ్, గొంతుల పొర కమ్మే ఆ జబ్బు పేరే చాలామందికి తెల్వదు. సంతోషమే... కాని మొన్న నా కంటి ఆపరేషన్ పేరేంది బిడ్డా అని అడిగితే, "ఫోన్ల చూస్కో అమ్మమ్మా" అన్నడు ఆ కుర్ర డాక్టరు.

మీకెవరన్న ఆ డాక్టరమ్మ లెక్క ముందట కూసొని, నిదానంగ చెప్పినోళ్లున్నరా? ఉంటే జర రాయుండ్రి... సదువుకుంట.