పుచ్చు తూటాలు

కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఏదైనా ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. పడుచు వయసు, కొత్త లైసెన్సు, కళ్లకు నల్లద్దాలు! ఈ మూడూ ఒకచోట చేరితే మనిషికి అంత ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో మరి. ఇప్పుడు నన్ను కొట్టుకు పంపితే ఏ అగ్గిపెట్టె తేవాలో రెండుసార్లు అడిగి మరీ వెళతాను. అప్పట్లో మాత్రం ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే తల ఊపేసేవాణ్ణి. అలా ఊపినందుకే ఒక శుక్రవారం నా పని దాదాపు ఖలాస్ అయ్యింది.

మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పోలీసు ఆఫీసరు. ఇంట్లో పనివాళ్లందరం ఆయన్ని బాబా, ఆయన భార్యను మామా అనేవాళ్లం. ఫహాహీల్‌లో ఇల్లు, నడుముకు ఎప్పుడూ పిస్తోలు, ముఖాన ఎప్పుడూ చిరాకు. శుక్రవారం నమాజు కాగానే ఊరి బయట షూటింగ్ క్లబ్బుకు వెళ్లి కాగితం మీద తూటాలు కాల్చి గురి చూసుకోవడం ఆయనకు అలవాటు. బ్యాగు మోయడం నా పని, లోపల ఏముందో చూడటం నా పని కాదు. ఆ వారం నేను ఆ దేశంలో ఉండటానికి కావలసిన ఇఖామా కాగితాలు ఆయన బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. నాకంటే ముందున్న డ్రైవర్ని కారు తలుపు మీద చిన్న గీత పడిందని విమానం ఎక్కించిన మనిషి ఆయన. అందుకని నేను కారును పసిబిడ్డలా తుడుచుకుంటూ, ఆయన దగ్గితే కూడా 'బాబా?' అని పరుగెత్తుతూ బతుకుతున్నాను.

ఆ రోజు బాబా ఫోనులో ఎవరి మీదో కేకలు వేస్తూనే బల్ల మీది రెండు డబ్బాల వైపు వేలు చూపించి, "ప్రాక్టీసువి బ్యాగులో పెట్టు, రోజూ నేను మోసేవి అల్మారాలో పెట్టు" అన్నాడు. ఏది ఏదో చెప్పబోయేలోపే నేను తల ఊపేశాను. తీరా డబ్బాలు విప్పి చూస్తే ఒకదాంట్లో గుండ్రటి మొనలతో నిండుగా ఉన్న తూటాలు. రెండోది నిగనిగలాడే డబ్బా, కానీ అందులో ప్రతి తూటాకూ మొన దగ్గర గుంట! నేను కడప వైపు వేరుశనగ పండించే ఇంట పుట్టినవాణ్ణి. కాయను చెవి దగ్గర ఆడించి లోపల గింజ గట్టిదో పుచ్చో చెప్పేవాణ్ణి (అదొక్కటే నేను పాసైన పరీక్ష). గుంట తూటా ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను.

అప్పుడే టీ తెచ్చిన వంట అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడది గోదావరి జిల్లా, మెడలో సిలువ, నోట్లో ఎప్పుడూ ప్రార్థన. "ఓరి నాయనో! అదేవన్నా సెనక్కాయనుకున్నావేంట్రా, చెవికాడెట్టి ఊపుతున్నావ్? పేలిందంటే బుర్రెగిరిపోద్ది!"

"నువ్వు గమ్మునుండక్కా. మొన కాడ ఎట్ల బొక్క పడిందో చూడు. పుచ్చుది. ఇట్లాంటివి పానం మీదికొచ్చినప్పుడు పనికొస్తాయా? కాయితానికైతే సాలు."

"డబ్బా చూత్తే బంగారం కొట్టోడిచ్చినట్టుంది కదరా?"

"సరుకు బాగలేకుంటేనే డబ్బా బాగ జేస్తారు. మొన్న నువ్వు కొన్న సెంటు మర్చిపోయినావా?"

అక్క టీ బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది, ఎందుకంటే ఆ సెంటు పూసుకున్న రోజు ఆవిడ దగ్గర కిరోసిన్ వాసన వేసిందని మామా వంటగదిలోంచి బయటికి పంపేసింది. ఆ గెలుపుతో నేను గుంట తూటాలు బ్యాగులో పెట్టి, నిండు తూటాలు అల్మారాలో భద్రంగా దాచాను.

క్లబ్బులో బాబా డబ్బా తెరవగానే పక్కనున్న ఆయన స్నేహితుడు (మేం చాటుగా లావు సార్ అనుకునేవాళ్లం) పగలబడి నవ్వాడు. "మాషాఅల్లా! కాగితం మీద ఇవి కాలుస్తావా? వీటిని నడుముకు పెట్టుకుంటారయ్యా! ఒంట్లో దిగగానే విచ్చుకుని దొంగను అక్కడే ఆపడానికే కదా ఆ గుంట. డబ్బంతా ఆ గుంటకే!"

బాబా తల తిప్పి నన్ను ఒక్క చూపు చూశాడు. కానీ లావు సార్ ముందు డ్రైవరు డబ్బా మార్చేశాడని చెప్పుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. "రోజూ మోసేదాన్ని అప్పుడప్పుడు కాల్చి చూసుకోవాలి కదా" అని బింకంగా అని గురి పెట్టాడు. ఒకటి పేలింది. రెండోది పేలలేదు. గుంట మొన లోపల ఎక్కడో పట్టుకుని పిస్తోలు బిగుసుకుపోయింది. ఇరుక్కున్న తూటాను లాగేసి మళ్లీ కాల్చాడు. మళ్లీ ఒకటి పేలి ఇంకోటి ఇరుక్కుంది. 'చెప్పానా, పుచ్చువని!' అని నా మనసు ఒక్క క్షణం ఎగిరింది. మరుక్షణమే నేను చెవి దగ్గర ఆడించడం వల్లే పాడయ్యాయేమోనన్న భయం పట్టుకుంది.

లావు సార్ నవ్వు ఆగిపోయింది. "ఎన్నాళ్లుగా మోస్తున్నావు ఇవి? ఒక్కసారీ కాల్చి చూడలేదా?" అన్నాడు. ఖరీదైనవని కాల్చకుండా దాచుకున్నానని ఏ ఆఫీసరు చెబుతాడు? బాబా బ్యాగు సర్దేశాడు.

తిరుగు దారిలో ఆయన తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నేను అలవాటు పడ్డాను. మంగఫ్ వైపు కంపెనీ బస్సులు పోతుంటే, వాటిలో కునుకు తీస్తున్న ప్రతి కూలీనీ చూసి కుళ్లుకున్నాను. అద్దంలో వెనక్కి చూసే ధైర్యం లేక రోడ్డుకే కళ్లు అతికించుకున్నాను. సముద్రం పక్కకు రాగానే "ఆపు" అన్నాడు.

"రఫీక్, డబ్బా ఎందుకు మార్చావు?" పనివాళ్లందరినీ ఆయన రఫీక్ అనే పిలిచేవాడు.

నాకు వచ్చిన అరబీ ఆ ప్రశ్నకు చాలలేదు. కనిపించని వేరుశనగ కాయను రెండు వేళ్లతో పట్టుకుని చెవి దగ్గర ఆడించి, పెదవి విరిచి, "బాబా, లోపల ఏమీ లేదు అనుకున్నా" అన్నాను. ఆ తర్వాత ఖలాస్ అన్న మాట కోసం కళ్లు మూసుకున్నాను.

వెనక నుంచి మెల్లగా గొంతు వినిపించింది. "పోయిన నెల ఒకడు కత్తితో నా మీదికి వచ్చాడు. పిస్తోలు తీసేలోపే మావాళ్లు పట్టుకున్నారు. ఒకవేళ నేనే కాల్చాల్సి వచ్చి ఉంటే..." అని ఆగాడు. తర్వాత, "ఇంట్లో నా పాప ఎదురుచూస్తుంటుంది. యల్లా, పోనీ" అన్నాడు.

మర్నాడు నా కాగితాల మీద సంతకం పడింది. ఆ తర్వాత ఆయన వేరే రకం కొన్నాడు. నడుముకు పెట్టుకునే ముందు వాటిలో కొన్ని కాగితం మీద కాల్చి చూశాడు. పేలిన ప్రతి తూటాకూ పన్ను పీకించుకుంటున్నట్టు ముఖం పెట్టాడు.

తూటాను చెవి దగ్గర ఆడించిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ సముద్రం పక్కన ఆగిన కారులో, కళ్లు మూసుకుని స్టీరింగు పట్టుకు వేలాడుతున్న వాణ్ణి తలచుకుంటే మాత్రం జాలేస్తుంది. వాడి పక్కన కూర్చుని, "ఒరే, ఒక్కసారి వెనక్కి చూడరా, ఆయన చేతులు నీ చేతుల కంటే ఎక్కువ వణుకుతుంటాయి" అని చెప్పాలనిపిస్తుంది.