తెల్లటి పొర

హిదాకా షూజీకి యాభై మూడేళ్లు. కొండ ఊళ్ల మధ్య బస్సు నడుపుతాడు. ఏటా ఆకులు ఎర్రబడగానే నూరు మైళ్ల కొండపరుగు పందేనికి వెళతాడు. దారిలో నీళ్లందించే ప్రతి మనిషి ముందూ ఆగి, టోపీ తీసి, నడుం వంచి "మీకు శ్రమ ఇస్తున్నా" అంటాడు. అది అనకుండా గుక్కెడు కూడా తాగడు. ఈసారి ఇరవై ఆరో గంటకి, ఎండ తేటగా కాస్తుండగానే, అతని కళ్లకి మాత్రం పాలు పోసినట్టు తెల్లటి పొర కమ్మింది. వరిమడిలో నిలబెట్టిన దిష్టిబొమ్మకి టోపీ తీసి వంగాడు.

"అది బొమ్మండీ!" అని అరిచింది గట్టు మీద కాచుకున్న భార్య తొకియె.

"అయితేనేం, పొద్దుట్నుంచీ నిలబడే ఉందిగా పాపం!" అని నవ్వాడు. "ఇంతసేపు పరిగెడితే కంటి పైపొర ఉబ్బుతుందే. నిద్రపోతే అదే తగ్గుతుంది. నిరుడు తగ్గలా?"

నిరుడు ఒక్క రాత్రికే తగ్గింది. ఈసారి రెండు రాత్రులు నిద్రపోయాడు. మూడోనాడు పొద్దున్నే యూనిఫాం తొడుక్కుని, "అంతా తేటగా కనిపిస్తోంది" అంటూ డ్యూటీకి బయల్దేరాడు. తొకియె అడ్డదారిన వెళ్లి రెండో స్టాపులో ఒక్కతే నిలబడింది. బస్సు సరిగ్గా ఆమె ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. షూజీ టోపీ తీసి మర్యాదగా వంగాడు.

"రండి రండి. ఎక్కడిదాకా వెళ్లాలమ్మా?"