హన్మాండ్లు కాక పంక్చర్లు

సౌదీలోని హుఫూఫ్‌లో శుక్రవారం వచ్చిందంటే హన్మాండ్లు సైకిలు పంక్చరు కావలసిందే. ఎండాకాలంలో ఒక్కోసారి ఇసుకగాలి రాకపోవచ్చు గానీ, ఆయన టైరులోంచి గాలి పోకుండా ఉండదు. ఖర్జూరపు తోటల నడుమ, కాలువ గట్ల వెంట సాఫీగా పోయినంతసేపు ఏమీ కాదు. ఖారా గుట్ట ఎక్కుడు మొదలై, అందరి ప్రాణమూ గొంతులోకి వచ్చే వేళకు ముందునుంచి కేక వినబడుతుంది.

"ఆగుండ్రి, ఆగుండ్రి! మల్లా పాయె!"

ఆగక చేసేదేమీ లేదు. శుక్రవారం సెలవునాడు కలిసి సైకిళ్లు తొక్కే ఏడుగురు తెలుగువాళ్లకూ సరిపడా ఛాయ్ ఫ్లాస్కు, ఉప్మా డబ్బా ఉండేది ఆయన సైకిలు వెనకే.

హన్మాండ్లుది జగిత్యాల పక్క పల్లె. యాభై ఆరేళ్లు. కంపెనీ క్యాంపులో మెయింటెనెన్సు పని. మూడు వందల గదుల కుళాయిలు ఆయన చేతిలో చుక్క కారవు. అలాంటి మనిషికి సొంత సైకిలు ట్యూబులో గాలి నిలపడం చేతకాకపోవడం హుఫూఫ్ తెలుగువాళ్లకు మూడేళ్లుగా తరగని నవ్వు.

అందరికన్నా ఎక్కువ బాధపడింది సురేంద్ర. ఆఫీసులో పెద్ద ఉద్యోగం, తేలికపాటి ఖరీదైన సైకిలు, దానికి తగ్గ బట్టలు, కొంచెం పొట్ట. ఒకసారి విసిగిపోయి దమ్మామ్ నుంచి కొత్త టైర్లు తెప్పించి ఇచ్చాడు.

"ఇంపోర్టెడ్, హన్మాండ్లూ! దీనికి మేకు గుచ్చినా నథింగ్ హ్యాపెన్స్."

ఆ శుక్రవారం రెండుసార్లు పంక్చరయింది.

"మేకు గుచ్చితే ఏం గాదన్నరు గని, ముల్లు సంగతి చెప్పలే గద సార్," అన్నాడు హన్మాండ్లు, సైకిలును తలకిందులు చేస్తూ.

జనార్దన్ ఈ గుంపులోకి వచ్చింది సరదాకు కాదు. నిరుడు స్కాఫోల్డింగు మీదినుంచి పడి ఎడమ తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఆరు నెలలు మంచం. లేచాక కాలు తనది కానట్టు, ఎవరో అరువిచ్చినట్టు ఉండేది. మార్చిలో కంపెనీ డాక్టరు పరీక్ష. పనికొస్తాడంటే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా మళ్లీ రాస్తారు. పనికిరాడంటే ఖురూజ్, అంటే దేశం విడిచిపొమ్మనే ముద్ర, కొట్టి ఇంటికి పంపేస్తారు. ఇంటి దగ్గర ఇద్దరు బిడ్డలు, ఒకరిది నర్సింగు చదువు సగంలో ఉంది.

ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు దయావతిది భీమవరం వైపు. తనూ శుక్రవారం గుంపులో తొక్కుతుంది. ఆమే చెప్పింది.

"జనార్దన్ గారూ, కాలికి మీరు పని చెప్పకపోతే, అదే మీకు పని పెడుతుందండీ. సైకిలు తొక్కండి."

మొదటి శుక్రవారం హన్మాండ్లుకు డ్యూటీ పడి రాలేదు. జనార్దన్ గుట్ట కిందే వెనకబడిపోయాడు. పళ్లు బిగబట్టి, దిగి నెట్టుకుంటూ, మళ్లీ ఎక్కి పైకి చేరేసరికి మిగిలినవాళ్లు నీడన నిలబడి ఎదురుచూస్తున్నారు. ఆయన్ని చూడగానే అందరూ చప్పట్లు కొట్టారు. సురేంద్ర నీళ్ల సీసా అందిస్తూ, "టేక్ యువర్ టైమ్, జనార్దన్. నో ప్రాబ్లమ్," అన్నాడు.

మంచి మనసుతోనే కొట్టారు ఆ చప్పట్లు. అవి జనార్దన్ చెవుల్లో చెంపదెబ్బల్లా మోగాయి. ఒకప్పుడు భుజాన ఇనుప పైపులతో పదంతస్తులు ఎక్కిన మనిషి. చిన్నపిల్లవాడు అడుగేస్తే కొట్టినట్టు కొట్టారే అనుకున్నాడు. తరవాత రెండు శుక్రవారాలు దుప్పటి ముసుగు తియ్యలేదు.

మూడో వారం హన్మాండ్లు క్యాంపులోని జనార్దన్ గదికి వచ్చాడు.

"ఏమైందిరా, వస్తలేవు?"

"నేను రాను కాకా. నాకోసం ఒక్కలు ఆగినా నాకు పానం పోయినట్టయితది."

"నీకోసం ఎవలు ఆగుతరుర? నాకే పంపు వట్టుకునేటోడు దొరుకుతలేడు. సురేంద్ర సార్ వట్టుకుంటె తిట్లు ఎక్కువ, గాలి తక్కువ. నువ్వు రా."

జనార్దన్ వెళ్లాడు. గుట్ట దగ్గర మళ్లీ వెనకబడ్డాడు.  మలుపు తిరిగి చూస్తే దారి పక్కన హన్మాండ్లు సైకిలు చక్రాలు ఆకాశానికి పెట్టి ఉంది. చుట్టూ మనుషులు గొణుగుతున్నారు. తనకేసి ఎవరూ చూడలేదు.

"వచ్చినవా? ఇగో, పంపు వట్టు," అన్నాడు హన్మాండ్లు. "మోకాలు దగ్గరవెట్టి కొట్టు."

ఆ రోజు మొదలు ప్రతి శుక్రవారం అదే తంతు. కాలు కొంచెం కొంచెం దారికి వచ్చింది. జనార్దన్ లోలోపల ఆ పంక్చర్లకు దండం పెట్టుకునేవాడు గానీ, నలుగురితో కలిసి కాకను ఎగతాళి చేయడం మాత్రం మానలేదు.

"కాకా, నీ టైరుకు శుక్రవారం సెలవా ఏంది?"

అందరూ నవ్వేవాళ్లు. కాక కూడా నవ్వేవాడు.

జనవరి గడిచింది, ఫిబ్రవరి గడిచింది. ఎక్కుడు మీద జనార్దన్‌కు, ముందువాళ్లకు మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. చిత్రమేమిటంటే, కాక పంక్చరు కూడా తొందరగా బాగవుతూ వచ్చింది. ఆ చిత్రం అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

మార్చి పదకొండున డాక్టరు జనార్దన్‌ను నాలుగంతస్తులు మెట్లెక్కించాడు, దించాడు, మళ్లీ ఎక్కించాడు. కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి కాగితం మీద సంతకం పెట్టాడు. పనికొస్తాడు. బయటికొచ్చి జనార్దన్ చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ తరవాతే ఇంటికి ఫోను చేశాడు.

కాకకు ఏదైనా చేయాలనిపించింది. ఏం చేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తే ఒకటే తోచింది, ఆ దిక్కుమాలిన ట్యూబును ఒక్కసారి శుద్ధంగా బాగు చేసి పెట్టడం. మర్నాడు మధ్యాహ్నం హన్మాండ్లు పనిలో ఉండగా సైకిలు తీసి, బకెట్టులో నీళ్లు పట్టుకుని కూర్చున్నాడు. టైరు విప్పి ట్యూబు బయటికి లాగాడు.

ట్యూబు మీద ఒక్క అతుకు లేదు. నీళ్లలో ముంచి చుట్టూ తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. వెనక చక్రం విప్పాడు. అదీ అంతే, పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. మూడేళ్ల పంక్చర్లకు ఆనవాలు ఎక్కడా లేదు.

బకెట్టు ముందు చతికిలబడి జనార్దన్ ఒక్కొక్క శుక్రవారమే గుర్తు చేసుకున్నాడు. తను మలుపు తిరగ్గానే పంపు చేతికొచ్చేది. తన ఊపిరి కుదుటపడగానే, "అయింది, పాండ్రి," అనేవాడు కాక. తను చేసిన ఎగతాళి కూడా గుర్తొచ్చి తల వంగిపోయింది.

అప్పుడే హన్మాండ్లు వచ్చాడు. విప్పిన చక్రాలు చూశాడు, బకెట్టు చూశాడు.

"నా సైకిల్ నిన్నెవడు ముట్టుకోమన్నడుర?" అని గయ్యిమన్నాడు.

"కాకా, దీనికి పంక్చరే లేదు."

"ఉన్నది. నీకు కండ్లు కనవడుతలెవ్వు."

"వాల్వు వొత్తి గాలి నువ్వే తీస్తున్నవు గద?"

 హన్మాండ్లు చేతిలోని స్పానరు పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుని, చివరికి చెప్పాడు.

పదకొండేళ్ల కింద ఆయన ఇదే ఊళ్లో ఒక సౌదీ కుటుంబానికి కారు డ్రైవరు. ఒక ఎండాకాలం వాళ్లు ఫ్రాన్సులో ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుని ఆయన్నీ వెంట తీసుకుపోయారు. పొద్దున పని ఉండేది కాదు. కొట్టంలో ఇంటివాళ్ల పాత సైకిలు ఉంటే అడిగి తీసుకున్నాడు.

"లోట్ అని ఒక నది. మన గోదారంత గాదు, సన్నగ, గుట్టల నడుమకెళ్లి పాము లెక్క పోతది. నది పొంట సక్కగనే తొక్కిన. గుట్ట మొదలైంది. నాకు దమ్ము పట్టలే. ముసలోళ్లు, డెబ్బై ఏండ్లోళ్లు, జుమ్మని నన్ను దాటి పోతున్నరు. సిగ్గయింది. తిరిగి పోదామనుకున్న. జెర ముంగట ఒక ముసలాయన సైకిల్ బోర్లేసి కూసున్నడు. చైను ఊడి ఉన్నది. రమ్మని సైగ చేసి, చక్రం వట్టుకొమ్మన్నడు. వట్టుకున్న. చైను ఎక్కింది. ఇద్దరం గల్సి పోయినం. ఇంకో ఎక్కుడొచ్చింది. మల్లా చైను ఊడింది. మూడోసారి ఊడినప్పుడు సమజైంది, చైనుకు ఏ రోగం లేదని."

"ఆయన పేరేంది కాకా?"

"ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. పేరెట్ల తెలుస్తది?"

జనార్దన్ కళ్లు తుడుచుకున్నాడు. "నాకోసం ఇన్ని తిట్లు వడ్డవా కాకా?"

హన్మాండ్లు ముఖం చిట్లించాడు.

"నీకోసమా? నువ్వొచ్చి నాలుగు నెల్లాయె. నా పంక్చర్లు మూడేండ్లవి. అంతకుముందు ఎవలికోసమనుకున్నవు?"

జనార్దన్ లెక్క వేసుకున్నాడు. మూడేళ్ల కింద గుంపులోకి కొత్తగా వచ్చి, గుట్ట మీద అందరికన్నా వెనక రొప్పుతూ వచ్చేది ఎవరో దయావతి ఒకసారి చెప్పింది.

"సురేంద్ర సారా?"

"మెల్లగ! ఆ సార్‌కు తెలిస్తె పానం తీసుకుంటడు. తిట్టనీ. తిట్టుకుంట నిలవడితె సార్‌కు దమ్ము మంచిగ తిరుగుతది. ఇయ్యాలటికి గూడ సార్‌కు అయిదు నిమిషాలు గావాలె."

జనార్దన్‌కు ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. ఆ నవ్వులో కాలు తగిలి బకెట్టు బోర్లాపడింది. నీళ్లన్నీ హన్మాండ్లు చెప్పుల మీదికి పారాయి.

"నవ్వింది చాలు గని, టైరు ఎక్కియ్యి," అన్నాడు హన్మాండ్లు. "గాలి మాత్రం నిండ కొట్టకు."